కడుపుకి బ్యాండు ఉంది, కేదారం వెళ్ళొచ్చా? (రాయగడ నుంచి)

నాగావళి_ఒడ్డు
వయసు 46. 2011లో విశాఖలో బరువు తగ్గడానికి కడుపుకి బ్యాండు వేయించుకున్నాను. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. పొట్ట పైభాగం చుట్టూ సిలికాన్ పట్టీ కడతారు. దాని లోపల బుడగ ఉంటుంది. దాన్నుంచి ఒక గొట్టం చర్మం కింద పెట్టిన పోర్టు అనే చిన్న బిళ్ళకి కలుస్తుంది. ఆ పోర్టులోంచి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. అప్పుడు నా బరువు 112, ఇప్పుడు 79. ఇన్నేళ్ళూ దానితో పేచీ లేదు. రొట్టె, ముద్దగా ఉడికిన అన్నం తప్ప అన్నీ దిగుతాయి.

ఇప్పుడు మా అత్తగారు కేదారనాథ్ మొక్కు తీర్చుకోవాలంటున్నారు. ఆవిడకి 71. మే నెలాఖర్లో సమతా ఎక్స్‌ప్రెస్ ఇక్కడే ఎక్కి ఢిల్లీ, అక్కణ్ణించి కారు. నేను పక్కన లేకపోతే ఆవిడ గుమ్మం దాటరు.

నా భయం ఏంటంటే, కిందటేడు విశాఖ నుంచి ఢిల్లీకి విమానంలో వెళ్ళినప్పుడు గంట తిరక్కుండానే రొమ్ము ఎముక వెనక బిగబట్టేసింది. రెండు గుక్కల టీ కూడా లోపలికి పోలేదు. దిగిన రెండు గంటలకి మామూలైపోయింది. విమానంలోనే అలా అయితే కొండ మీద ఎలా? బ్యాండు వేసిన డాక్టరుగారు ప్రాక్టీసు మానేశారు. ఇంకో ఆసుపత్రికి ఫోన్ చేస్తే "మేం బ్యాండ్లు చూడట్లేదమ్మా" అని పెట్టేశారు. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

గుణుపురం_గట్టు
అత్తగారి మొక్కు అత్తగారిది. మీ ఆరోగ్యం మీది. కొడుకుని తోడిచ్చి పంపించండి, మీరు ఇంట్లో ఉండండి. ఇందులో ఆలోచించడానికి ఏటుంది?

వంశధార88
గట్టు బాబాయ్, అడిగింది ఎలా వెళ్ళాలో. వెళ్ళొద్దని చెప్పమని కాదు.

నాకు స్లీవ్ (పొట్టలో చాలా భాగం కోసేసి సన్నటి గొట్టంలా చేసే ఆపరేషన్) అయింది, బ్యాండు కాదు. కాబట్టి బిగుసుకోవడం గురించి నాకు తెలీదు. కానీ బదరీనాథ్ వెళ్ళినప్పుడు నీళ్ళ దగ్గర చాలా అవస్థ పడ్డాను. అక్కడ అందరూ "మూడు లీటర్లు తాగు, మూడు లీటర్లు తాగు" అంటారు. మనకి ఒకేసారి గ్లాసుడు పట్టదు కదా. మధ్యాహ్నానికి తల బద్దలైపోయింది.

దేవమాలి_దారి
మాది కొరాపుట్. ముందు మా దేవమాలి ఎక్కి చూడండక్కా. ఒడిశాలో అదే అన్నిటికన్నా ఎత్తు, 1,672 మీటర్లు. దగ్గరదాకా రోడ్డు ఉంది. అక్కడ బాగుంటే కేదారంలోనూ బాగుంటారు.

వార్డు_నైట్‌డ్యూటీ
దేవమాలి తమ్ముడూ, ఆ లెక్క కుదరదు. విమానం లోపలి గాలి ఒత్తిడి ఇంచుమించు 1,800 నుంచి 2,400 మీటర్ల కొండ మీద ఉన్నట్టుంటుంది. అంటే అక్క విమానం ఎక్కినప్పుడే దేవమాలి దాటేసింది. కేదారం 3,583 మీటర్లు. దేవమాలి మీద బాగున్నంత మాత్రాన కేదారానికి హామీ దొరకదు.

నేను బరంపురంలో నర్సుని. అంతకు ముందు ఆరేళ్ళు విశాఖలో ఈ బరువు ఆపరేషన్ల వార్డులో చేశాను. బ్యాండు వాళ్ళు విమానం దిగి "బిగిసిపోయింది సిస్టర్" అని రావడం చాలాసార్లు చూశాను. ఇది మీ ఒక్కరి ఊహ కాదు.

ఎందుకవుతుందో చెప్తాను. బుడగలో ఉండేది సెలైన్. నీరు ఎత్తుకి ఉబ్బదు. కానీ ఎక్కించేటప్పుడు గొట్టంలో ఎక్కడైనా చిన్న గాలిబుడగ మిగిలితే అది ఉబ్బుతుంది. కడుపులో, పేగుల్లో ఉన్న గాలీ ఉబ్బుతుంది. దీనికి తోడు క్యాబిన్‌లో పొడిగాలి, ఒకేచోట కూర్చోవడం, కంగారు. ఇవన్నీ కలిస్తే పట్టీ దగ్గర తిండి దిగే సందు ఇంకా ఇరుకవుతుంది. కారణం ఒక్కటే కాదు.

ఫిజిక్స్_మాస్టారు
సిస్టర్ చెప్పింది నిజమే గానీ ఆ గాలిబుడగని మరీ పెద్దది చేస్తున్నారేమో. లెక్క చూద్దాం. కేదారం ఎత్తులో గాలి ఒత్తిడి మన ఊళ్ళో ఉన్నదాంట్లో మూడింట రెండొంతులకి కాస్త తక్కువ. కాబట్టి గాలి దగ్గరదగ్గర ఒకటిన్నర రెట్లవుతుంది. గొట్టంలో 0.2 మిల్లీలీటర్ల గాలి మిగిలిందనుకున్నా అది 0.3 అవుతుంది. పెరిగింది 0.1. అంత చిన్నదానికి టీ దిగకపోవడమా?

వార్డు_నైట్‌డ్యూటీ
మాస్టారూ, మీ లెక్కకి వంక లేదు. కానీ బ్యాండు సరిగ్గా కుదిరిన మనిషికి చివర్లో మేం సర్దేది అర మిల్లీలీటరు, ఒక్కోసారి 0.2. ఆ కాస్త తేడాకే నిన్నటిదాకా ఇడ్లీ తిన్న మనిషి ఇవాళ నీళ్ళకి వచ్చేస్తుంది. అంచు మీద ఉన్నవాళ్ళకి 0.1 తక్కువేం కాదు. అంచు మీద లేనివాళ్ళకి అసలు తెలీదు. అందుకే ఒకే విమానంలో ఇద్దరు బ్యాండు వాళ్ళు కూర్చుంటే ఒకరికి ఏమీ కాదు, ఇంకొకరు వాంతి సంచి పట్టుకుంటారు.

ఫిజిక్స్_మాస్టారు
సరే, ఒప్పుకున్నాను. అంచు సంగతి నాకు తట్టలేదు.

జీపురోడ్డు_బులెట్
మాది కొరాపుట్ దగ్గర జైపూర్. నాకూ బ్యాండే, 2013లో పడింది. 2016లో నలుగురం లద్దాఖ్ వెళ్ళాం. బండ్లు అక్కడే అద్దెకి తీసుకుందామని ఢిల్లీ నుంచి లేహ్‌కి విమానంలో దిగాం. పొద్దున్న సముద్రమట్టానికి కాస్త పైన, రెండు గంటల్లో 3,500 మీటర్ల మీద. ఇది మొదటి తప్పు. రెండో తప్పు, బయల్దేరడానికి పది రోజుల ముందు బ్యాండు కొంచెం బిగించుకున్నాను. లద్దాఖ్‌లో సన్నగా ఫొటోలు దిగాలని.

మొదటి రోజు తలనొప్పి. అందరికీ ఉంది కాబట్టి పట్టించుకోలేదు. రెండో రోజు పొద్దున్న హోటల్లో ఆలూ పరోటా ఇచ్చారు. మూడు ముక్కలు తిన్నాను. నాలుగోది దిగలేదు. అక్కడ మొదలైంది. నీళ్ళు తాగితే నీళ్ళు వచ్చేశాయి. సాయంత్రానికి ఉమ్మి కూడా మింగలేకపోయాను. గదిలో మంచం పక్కన స్టీలు గ్లాసు పెట్టుకుని, నోట్లో ఊరిందల్లా అందులో ఉమ్ముతూ రాత్రంతా కూర్చునే ఉన్నాను. పడుకుంటే గొంతులోకి పుల్లగా వచ్చేస్తోంది. మా వాళ్ళేమో ఎత్తు వల్ల వాంతులు, పొద్దున్నకి తగ్గిపోతుందన్నారు. నేనూ అదే అనుకున్నాను.

పొద్దున్నకి పెదాలు పగిలిపోయాయి. మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. అక్కడి ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు చాలా ఓపిగ్గా చూసి సెలైన్ పెట్టారు. కానీ బ్యాండు నీళ్ళు తియ్యాలంటే వేరే రకం సూది కావాలట, అది వాళ్ళ దగ్గర లేదు. మధ్యాహ్నం విమానంలో ఢిల్లీ పంపించారు. అక్కడ ఒకాయన పోర్టు తడిమి, సూది గుచ్చి 1.5 మి.లీ. తీశారు. లేచి కూర్చుని గ్లాసుడు నీళ్ళు తాగాను. అంత రుచైన నీళ్ళు నేను మళ్ళీ తాగలేదు.

నాగావళి_ఒడ్డు
చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి తమ్ముడూ. ఇప్పుడు ఎలా ఉన్నావు?

జీపురోడ్డు_బులెట్
బాగున్నానక్కా. ఆ తర్వాత రెండుసార్లు కొండలకి వెళ్ళాను, రెండుసార్లూ వదులు చేయించుకునే వెళ్ళాను. ఏమీ కాలేదు. బిగించుకుని వెళ్ళకండి, అంతే నా మాట.

గుణుపురం_గట్టు
అందుకే వద్దన్నాను.

పర్లాకిమిడి_పెద్దక్క
గట్టుగారూ, వద్దనడం ఎంతసేపు. ఆ అమ్మాయి అత్తగారిని ఒక్కదాన్నీ పంపించి ఇంట్లో కూర్చుంటే అక్కడ ఆవిడకి ఏమవుతోందో అని ఇక్కడ దీనికి అన్నం సహించదు. అదీ ఆరోగ్యమే.

నాకు బ్యాండు లేదు గానీ కేదారం రెండుసార్లు చూశాను. దారి సంగతి చెప్తాను. గౌరీకుండ్ దాకానే బండి. అది ఇంచుమించు 1,980 మీటర్లు. అక్కణ్ణించి 16 కిలోమీటర్లు నడవాలి, లేదా గుర్రం, లేదా డోలీ. ఒక్క రోజులో 1,600 మీటర్లు ఎక్కేస్తాం. మామూలు మనుషులకే అది ఎక్కువ. మేం మొదటిసారి ఢిల్లీ నుంచి ఏకబిగిన వెళ్ళి పైన రాత్రంతా దగ్గుతూ కూర్చున్నాం. రెండోసారి గుప్తకాశిలో రెండు రాత్రులు, సోన్‌ప్రయాగలో ఒక రాత్రి ఆగి ఎక్కాం. హాయిగా దర్శనం చేసుకుని మర్నాడు దిగిపోయాం. మా గజపతి జిల్లావాళ్ళకి శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కడం అలవాటే గానీ, ఆ 1,501 మీటర్ల ధైర్యం అక్కడ పనికిరాదమ్మా.

వంశధార88
హెలికాప్టర్ ఉంది కదా పెద్దక్కా? నడక తప్పుతుంది.

పర్లాకిమిడి_పెద్దక్క
నడక తప్పుతుంది, ఎత్తు తప్పదు.

వార్డు_నైట్‌డ్యూటీ
పెద్దక్క ఒక్క ముక్కలో చెప్పేశారు. హెలికాప్టర్లో నిమిషాల్లో పైకి పోతాం, ఒంటికి అలవాటు పడే టైమే ఉండదు. పైన రాత్రి పడుకోకుండా దర్శనం చేసుకుని అదే రోజు దిగిపోయేవాళ్ళకి అది నయమే. రాత్రి ఉండేవాళ్ళకి కాదు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది మామూలు లెక్క. కేదారంలో అది కుదరదు కాబట్టే కింద రెండు మూడు రాత్రులు ఆగమనేది.

ఇప్పుడు అసలు సంగతి. బులెట్ తమ్ముడి విషయంలో ప్రాణం మీదికి తెచ్చింది బ్యాండు ఒక్కటే కాదు. "ఇది ఎత్తు వాంతి" అనుకుని ఒక రాత్రి పోగొట్టుకోవడం. ఈ రెండిటికీ తేడా తెలియాలి అక్కా. ఎత్తు వల్ల అయితే ముందు తలనొప్పి వస్తుంది, దాంతోపాటు వికారం, నీరసం, నిద్ర పట్టకపోవడం. తిన్నది కడుపులోకి దిగుతుంది, తర్వాత తిప్పుతుంది. బ్యాండు బిగిస్తే తిన్నది అసలు దిగదు. రొమ్ము వెనక అడ్డంగా నిలబడుతుంది, నోట్లో జిగురు నీరు ఊరుతుంది, కక్కితే నమిలింది నమిలినట్టే పైకి వస్తుంది. ఉమ్మి మింగలేకపోతే అది ఎమర్జెన్సీ. తెల్లారేదాకా ఆగకూడదు. ఆగకుండా వాంతులైతే పట్టీ కింద నుంచి కడుపు పైకి జారే ప్రమాదం కూడా ఉంది.

ఇంకోటి, అత్తగారికీ వర్తిస్తుంది. కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గకపోతే, లేదా మనిషి తూలుతూ పొంతన లేని మాటలు మాట్లాడితే, అర్ధరాత్రయినా సరే కిందికి దించాల్సిందే. దేవుడు ఏమీ అనుకోడు.

దేవమాలి_దారి
సిస్టర్, ఆ సూది మనమే కొనుక్కుని పట్టుకెళ్ళొచ్చా?

వార్డు_నైట్‌డ్యూటీ
దాన్ని హ్యూబర్ సూది అంటారు. మామూలు సూది మొన పోర్టు మీది సిలికాన్‌ని తొలిచేస్తుంది, తర్వాత అక్కణ్ణించి సెలైన్ కారిపోతుంది. దీని మొన వంపుగా ఉంటుంది, తొలవదు. రెండు పట్టుకెళ్ళడంలో తప్పులేదు, ఈ పని తెలిసిన డాక్టరు దొరికితే వాళ్ళకి ఇవ్వడానికి. సొంతంగా గుచ్చుకోవడం మాత్రం వద్దు. ఎవరికైనా చెప్తున్నాను, వద్దు.

జీపురోడ్డు_బులెట్
సూదితోపాటు కాగితం కూడా. నా బ్యాండు ఏ రకం, ఎన్ని మి.లీ. పడుతుంది, ఇప్పుడు ఎంత ఉంది, పోర్టు ఎక్కడుంది, ఒక కార్డు మీద రాయించుకుని పర్సులో పెట్టుకున్నాను. ఆ రోజు ఢిల్లీలో ఆయన మొదట అడిగింది అదే. నా దగ్గర లేదు.

నాగావళి_ఒడ్డు
నా దగ్గర 2011 డిశ్చార్జి కాగితం ఉంది. అందులో బ్యాండు పేరుంది. ఎంత సెలైన్ ఉందో లేదు. చివరిసారి సర్దించుకుని ఏడేళ్ళు దాటింది. ఇప్పుడు చూసేవాళ్ళే దొరకట్లేదు, అదే నా బాధ. వేసేటప్పుడు "జీవితాంతం ఫాలోఅప్ ఉంటుంది" అన్నారు.

వార్డు_నైట్‌డ్యూటీ
ఆ కోపం న్యాయమే అక్కా. అప్పట్లో బ్యాండ్లు బాగా వేశారు. తర్వాత స్లీవ్, కడుపు బైపాస్ ఆపరేషన్లు ఎక్కువై బ్యాండు వెనకబడిపోయింది. కొత్త సర్జన్లలో చాలామంది బ్యాండు సర్దడం పెద్దగా చూసుండరు. వేయించుకున్న వాళ్ళేమో మిగిలిపోయారు. మా వార్డుకి అలా తిరిగి తిరిగి వచ్చినవాళ్ళని చూస్తే కడుపు తరుక్కుపోయేది.

ఒక దారి ఉంది. ఫోన్‌లో "బ్యాండు చూస్తారా" అని అడక్కండి. రిసెప్షన్లో కాదనేస్తారు. పెద్దాసుపత్రిలో బరువు ఆపరేషన్లు చేసే సర్జన్‌తో అపాయింట్‌మెంట్ తీసుకుని కాగితంతో ఎదురుగా కూర్చోండి. బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే పట్టీ ఉన్నచోటే ఉందా, జారిందా, ఎంత ఇరుకుందో తెలుస్తుంది. వదులు చేయాలా వద్దా అన్నది అది చూశాక వాళ్ళే చెప్తారు. ప్రయాణానికి కనీసం రెండు మూడు వారాల ముందు వెళ్ళండి, తేడా వస్తే మళ్ళీ వెళ్ళడానికి టైముంటుంది.

గుణుపురం_గట్టు
వదులు చేస్తే లావైపోరా మళ్ళీ?

వంశధార88
పదిహేను రోజుల్లో ఎంత లావవుతారు బాబాయ్, కేదారం మెట్ట మీద!

పర్లాకిమిడి_పెద్దక్క
ఇప్పుడు తిండి, నీళ్ళ సంగతి చెప్పుకుందాం. ఆ దార్లో అంతా పరోటా, మ్యాగీ, రొట్టె. ఈ అమ్మాయికి ఒక్కటీ పనికిరాదు. చోళ్ళు (రాగులు) వేయించి పిండి పట్టించి, ఉప్పు కలిపి పొట్లాలు కట్టుకెళ్ళు. వేడినీళ్ళు ఎక్కడైనా ఇస్తారు, పల్చగా అంబలి కాచుకుంటే చాలు. పెసరపప్పు కట్టు అడిగితే చేసి పెడతారు. మా ఒడియా పక్కింటావిడ పొఖాళొ (నీళ్ళలో నానబెట్టిన చద్దన్నం) లేనిదే యాత్ర చెయ్యదు గానీ ఆ చలిలో అది వద్దు.

వార్డు_నైట్‌డ్యూటీ
అంబలి మంచి మాట. నీళ్ళు గోరువెచ్చగా తాగండి, చల్లటివి పట్టీ దగ్గర పట్టేస్తాయని చాలామంది చెప్తారు. ఓఆర్ఎస్ పొట్లాలు ఉంచుకోండి. ఒళ్ళు నొప్పులకి బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ముట్టుకోవద్దు, బ్యాండు ఉన్న కడుపుకి పుండు పడుతుంది. పారాసిటమాల్ చాలు, అది కూడా పెద్ద బిళ్ళ అయితే సిరప్‌గా. ఎత్తుకి వేసుకునే డయామాక్స్ మాత్రం ఎవరో చెప్పారని మందులషాపులో కొనకండి. మూత్రం ఎక్కువ పోతుంది, నీళ్ళు తక్కువ తాగగలిగే మనిషికి అది ఆలోచించి ఇవ్వాల్సిన మందు. సల్ఫా మందులు పడవంటే అది కూడా డాక్టరుకి చెప్పాలి.

ఫిజిక్స్_మాస్టారు
నీళ్ళకి ఒక లెక్క. థర్మాస్ మూత ఒకటికి 50 మి.లీ. అనుకుంటే, మెలకువగా ఉన్న 15 గంటల్లో పావుగంటకి ఒక మూత చొప్పున 60 మూతలు. మూడు లీటర్లు. గ్లాసు లెక్కన అయితే కుదరదు గానీ మూత లెక్కన కుదురుతుంది.

నాగావళి_ఒడ్డు
మాస్టారూ, ఈ మూత లెక్క నాకు బాగా నచ్చింది. తిన్న అరగంట తాగకూడదు కాబట్టి కొన్ని తగ్గుతాయి. అయినా రెండు లీటర్లకి పైనే.

విశాఖలో అపాయింట్‌మెంట్ దొరికింది. వచ్చే మంగళవారం. వచ్చి చెప్తాను.

నాగావళి_ఒడ్డు
వెళ్ళొచ్చాను. బేరియం ఎక్స్‌రే తీశారు. పట్టీ జారలేదు, కానీ ఇరుగ్గానే ఉందట. ఇన్నేళ్ళుగా మెత్తటి తిండికి నేనే అలవాటు పడిపోయి తెలుసుకోలేదు. పోర్టు తడిమితే రూపాయి బిళ్ళలా తగిలింది, గుచ్చి చూస్తే 6 మి.లీ. ఉంది. 1.5 తీసేశారు. బల్ల దిగకముందే గ్లాసు నీళ్ళిచ్చి తాగమన్నారు. ఆగకుండా తాగాను, పదమూడేళ్ళలో మొదటిసారి అనుకుంటా. మా ఆయన పక్కనే నిలబడి నవ్వుతున్నారు, నాకు మాత్రం కళ్ళమ్మట నీళ్ళు. కార్డు మీద అన్నీ రాయించుకున్నాను బులెట్ తమ్ముడూ.

జీపురోడ్డు_బులెట్
ఆ గ్లాసు సంగతి నాకు తెలుసక్కా.

గుణుపురం_గట్టు
సరే తల్లీ. వెళ్ళి రండి. మజ్జిగౌరమ్మకి ఓ కొబ్బరికాయ కొట్టి బయల్దేరండి. నా పేరు చెప్పి కేదారేశ్వరుడికి ఓ దణ్ణం పెట్టండి.

నాగావళి_ఒడ్డు
నిన్న రాత్రి ఇంటికి చేరాం. గుప్తకాశిలో రెండు రాత్రులు, సోన్‌ప్రయాగలో ఒకటి. అత్తగారికి డోలీ, నాకూ మా ఆయనకీ గుర్రాలు. అత్తగారు డోలీలోంచే నా మూతలు లెక్కపెట్టారు. ఎక్కడ ఆగినా "ఎన్నయ్యాయే" అని అరవడం. పైన సాయంత్రం తల కొంచెం నొప్పి పెట్టింది. వికారం లేదు, అంబలి దిగింది, కాబట్టి ఇది బ్యాండు కాదు ఎత్తే అని తేల్చుకుని పారాసిటమాల్ సిరప్ తాగి పడుకున్నాను. సిస్టర్ చెప్పిన తేడా తెలియకపోతే ఆ రాత్రి భయంతోనే సగం చచ్చేదాన్ని. పొద్దున్న మంచులో గుడి వెనక తెల్లటి కొండ కనిపిస్తుంటే అత్తగారు నా చెయ్యి పట్టుకుని దర్శనం చేసుకున్నారు. మధ్యాహ్నానికి దిగిపోయాం.

ఒక్క పొరపాటు జరిగింది. దిగేటప్పుడు ఆకలేసి ఒక కొట్టు దగ్గర రెండు చెంచాల మ్యాగీ తిన్నాను. పట్టేసింది. ఇరవై నిమిషాలు రాయి మీద కూర్చున్నాను. వదులు చేయించుకున్నాను కాబట్టి దానంతటదే దిగింది. లేకపోతే ఏమయ్యేదో.

గట్టు బాబాయ్‌గారూ, మీ దణ్ణం పెట్టేశాను.

వార్డు_నైట్‌డ్యూటీ
సంతోషం అక్కా. నెల తర్వాత మళ్ళీ సర్జన్‌కి చూపించుకోండి. ఇప్పుడున్న వదులు మీకు సరిపోతుందేమో, మళ్ళీ బిగించక్కర్లేకపోవచ్చు.

దేవమాలి_దారి
థర్మాస్ ఎంతది పట్టుకెళ్ళారక్కా? మా అమ్మకీ బ్యాండే. అమర్‌నాథ్ అంటోంది.

నాగావళి_ఒడ్డు
అర లీటరుది, రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి అత్తగారి దగ్గర. కానీ అమర్‌నాథ్ కేదారం కన్నా ఎత్తు తమ్ముడూ, ముందు అమ్మకి ఎక్స్‌రే తీయించు.